మూడు నెలల గడువు

మార్కాపురం,
12-2-2007

చి. వసుంధరను అమ్మ దీవించి రాసే సంగతులు.

ఇక్కడ అందరం బాగున్నామని రాయడానికి కలం ఆడడం లేదు గానీ, ఉత్తరమన్నాక రాయాలి గనక రాస్తున్నాను. నువ్వు గిద్దలూరు చేరావనీ, నీ స్నేహితురాలు లీదియా వాళ్లమ్మ కరుణమ్మ గారింట్లో గది తీసుకున్నావనీ ఎదురింటి విశాలాక్షి చెప్తే తెలిసింది. కన్న కూతురు ఎక్కడుందో ఎదురింటావిడ నోట వినాల్సి వచ్చింది నాకు. ఫోన్ చేద్దామంటే అది మన బట్టల దుకాణంలో గల్లాపెట్టె పక్కన ఉంది. ఒక పక్క మీ నాయన, ఇంకో పక్క మీ మామ. మాట్లాడితే ఇద్దరూ వింటారు. అందుకని ఉత్తరం. ఐదో క్లాసు చదువు నాది, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

చెయ్యి ఎలా ఉంది? కట్టు తడవనీయకు.

అసలు సంగతికి వస్తాను. బెయిలు మీద వచ్చిన దగ్గర్నుంచీ మీ మామ మనిషిలా లేడు. మా అమ్మ పోయేనాటికి తమ్ముడు ఉమామహేశ్వర్లుకు మూడేళ్లు, నాకు పదమూడు. వాణ్ణి పెంచిన చేతులతోనే తర్వాత నిన్నూ పెంచాను. బయటి సంబంధం చేస్తే ఎక్కడికో పోతావని, తమ్ముడికిస్తే గోడ అవతలే కళ్లెదుట ఉంటావని ఇచ్చాను. నీకూ మొగుడిని కొత్తగా పిలవాల్సిన పని లేకపోయింది, చిన్నప్పటి 'మామా' అన్న పిలుపే సరిపోయింది. వాడికి కోపం ఎక్కువ. చెయ్యి చేసుకోవడం తప్పే, కాదనను. అయినా ఇంటి సంగతి స్టేషను దాకా పోవాలా? నువ్వు పెట్టిన కేసు నువ్వే తీసెయ్యి తల్లీ. ఒక కాగితం రాసిస్తే పోతుందంటున్నారు.

ఈ ఊళ్లో అప్పుడే నీళ్ల ట్యాంకర్లు మొదలయ్యాయి. ఎండలు ముదరకముందే వచ్చెయ్యి.

నీ మేలు కోరే అమ్మ,
రామతులసమ్మ


గిద్దలూరు,
20-2-2007

అమ్మకు నమస్కారం.

ఇది కరుణమ్మ గారి చేతిరాత. నేను చెప్తుంటే ఆవిడ రాస్తున్నారు. నర్సుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి కట్టు సంగతి ఆవిడే చూసుకుంటున్నారు, తడవదు.

అమ్మా, కేసు నేను పెట్టలేదు. విరిగిన చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి పోయాను. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే ఉన్నది చెప్పాను. ఆయన స్టేషనుకు కబురు పంపాడు. కానిస్టేబుల్ వచ్చి రాసుకున్నాడు, నేను ఎడమ చేత్తో సంతకం పెట్టాను. అంతే. ఇప్పుడది సర్కారు కేసు. నాకిష్టం వచ్చినప్పుడు తీసేయడానికి అది దండెం మీద ఆరేసిన చీర కాదు.

నిన్ను ఎవరైనా పిలుస్తారని భయపడకు. ఆ సమయానికి మా అమ్మ గుడికి పోయిందని నేను పోలీసులకు చెప్పాను.

ఇక్కడ ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి చెప్తున్నాను. గది వెనకే రైలు పట్టాలు. సాయంత్రం మార్కాపురం వైపు పోయే రైలు వస్తే, ఏ పని చేస్తున్నా ఆపేసి కూర్చుంటున్నాను. అది పోయాక మళ్లీ పని మొదలుపెడుతున్నాను.

వసుంధర


మార్కాపురం,
1-3-2007

చి. వసుంధరకు,

ఉత్తరం అందింది. అక్షరాలు గుండ్రంగా బాగున్నాయి. మాటలు కూడా ఆ చేతివేనని అనిపించింది. దండెం మీద చీర అట! నా కూతురు నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. కరుణమ్మ గారిని నేను తప్పు పట్టను, గది ఇచ్చింది, చెయ్యి చూసింది. కానీ ఒకరి కాపురం సంగతి వాళ్ల నోటితో చెప్పనివ్వాలి గదా.

మీ మామ తరఫు వకీలు చంద్రశేఖరరావు గారింటికి నేనే పోయి అడిగాను. "ఇట్లాంటి కేసుకు మన రాష్ట్రంలో రాజీ ఉందమ్మా. ఆయమ్మి వచ్చి జడ్జి ముందర ఇష్టంగా చెప్పాల, జడ్జి ఒప్పుకోవాల. అంతే" అన్నాడు. మరి నువ్వు నీ చేతుల్లో లేదని రాస్తావు. అంత చదువుకున్నాయన అబద్ధమాడతాడా, నువ్వు దాస్తున్నావా? నాకు తెలియడం లేదు. మీ మామకు శిక్ష పడితే దుకాణం ముందు నుంచి మీ నాయన తలెత్తుకుని నడవగలరా అని ఒక్కసారి ఆలోచించు.

గుడి సంగతి చదివాను.

విశాలాక్షి నిన్ను అడిగింది. ఏం చెప్పమంటావు?

అమ్మ


గిద్దలూరు,
17-3-2007

అమ్మకు,

ఇది నా చేతిరాతే. కట్టు విప్పారు. చెయ్యి ఇంకా నాది కానట్టే ఉంది, కలం పట్టుకుంటే వేళ్లు ఆలస్యంగా మాట వింటున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటే మాటలు నావేనని నమ్ముతావని నాలుగు రోజులు తీసుకుని ఇది రాశాను.

మంగళవారం సెలవు పెట్టి మీ ఊరి కోర్టుకే వచ్చి సర్కారు వకీలును కలిశాను. నా కేసు గురించి అడగాలండీ అన్నాను. "నీ కేసు అనాకమ్మా. ఇది సర్కారు కేసు. దీంట్లో నువ్వు సాక్షివి" అన్నాడు. విరిగింది నా చెయ్యే గదండీ అన్నాను. "చెయ్యి నీదే. కేసు సర్కారుది" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా నవ్వొస్తూనే ఉంది, ఎందుకో మధ్యలో ఏడుపు కూడా వచ్చింది.

మీ వకీలు చెప్పిందీ నిజమే. రాజీ ఉంది. అయితే కాగితం మీద రాసిస్తే పోయేది కాదు. నేను అర్జీ పెట్టాలి. పెట్టిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలల్లో ఇద్దరిలో ఎవరూ మనసు మార్చుకోకపోతే అప్పుడు జడ్జి అనుమతిస్తే కొట్టేస్తారు. బలవంతాన ఒప్పుకున్న ఆడవాళ్లకు ఆలోచించుకునే వ్యవధి అట.

నేను ఒప్పుకుంటాను. అర్జీ పెడతాను. ఎందుకని మాత్రం అడగకు.

వసుంధర


మార్కాపురం,
28-3-2007

నా బంగారుతల్లి వసుంధరకు అమ్మ ఆశీస్సులు.

నీ వంకర అక్షరాలు కళ్లకద్దుకున్నాను. ఎందుకని అడగనులే. మొగుడు పెళ్లాల మధ్య కారణాలు నాకెందుకు? నా కూతురి మనసు నాకు తెలియదా?

మీ వాటాకు సున్నం వేయించాను. మీ మామ దగ్గరుండి వేయించాడు. "అక్కా, ఆయమ్మి ఎప్పుడొస్తాది?" అని రెండుసార్లు అడిగాడు, పాపం. నీ స్టీలు గిన్నెలన్నీ తోమి బోర్లించాను. చింతకాయ తొక్కు ఒక సీసాడు పట్టాను. గిద్దలూరు వైపు పోయేవాళ్లుంటే పంపుతాను, లేకపోతే ఎలాగూ వస్తావు గదా, ఇక్కడే తిందువు. ఆ మూడు నెలలూ అక్కడెందుకు, ఇక్కడే ఉండి కోర్టుకు పోవచ్చు. నడిచిపోయేంత దూరం.

మీ నాయన నిన్న రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

మీ అమ్మ


గిద్దలూరు,
12-4-2007

అమ్మకు,

సోమవారం తొమ్మిదో తేదీన అర్జీ మీద సంతకం పెట్టాను. జూలై పదహారుకు వాయిదా. మామ నాలుగు అడుగుల దూరంలో నిలబడి, "చెయ్యి నయమైందా?" అని అడిగాడు. ఎవరో పరాయివాడు కాలు తొక్కి అడిగినట్టు అడిగాడు. అయిందన్నాను.

అమ్మా, నేను ఇంటికి వస్తానని ఎక్కడా రాయలేదు. సున్నం ఎందుకు వేయించావు? కేసు పోవడం వేరు, నేను రావడం వేరు. నేను రాను. గిన్నెలు నువ్వు వాడుకో.

స్కూలు ఇరవై మూడున మూసేస్తారు. కరుణమ్మ గారు పోయిన వారమే లీదియా దగ్గరికి పోయారు. ఈ రెండు నెలలు ఇంట్లో నేనొక్కదాన్నే. మొన్న ఆదివారం మధ్యాహ్నం కూరగాయలావిడతో "చాలు" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆ రోజుకు అదే మొదటి మాట.

వసుంధర


మార్కాపురం,
3-5-2007

వసుంధరకు,

రానిదానివి సంతకం ఎందుకు పెట్టావు? వాడి మీద ప్రేమ లేదు, ఇంటి మీద లేదు, మరి ఎవరి కోసం? కరుణమ్మ నిన్ను వాళ్ల చర్చికి తీసుకుపోతోందని, వేరే పెళ్లికి దారి చూసుకోవడానికే ముందు కేసు వదిలించుకుంటున్నావని విశాలాక్షి అంటోంది. దాని నోరు మూయించాను గానీ నా మనసును మూయించలేకపోతున్నాను. వాడికి ఏమని చెప్పేది? ఆశ పెట్టి కూర్చోబెట్టావు.

నన్ను అందరిలో వెర్రిదాన్ని చేశావు. ఇంక నేను ఉత్తరం రాయను.

రామతులసమ్మ


గిద్దలూరు,
30-5-2007

అమ్మకు,

నీ ఉత్తరానికి మూడుసార్లు జవాబు రాసి చించేశాను. ఇది నాలుగోది. చర్చీ లేదు, పెళ్లీ లేదు. పొద్దున లేచి ఊడ్చి, నీళ్లు పట్టి, వండి, తిని, సాయంత్రం రైలు కోసం కూర్చుంటున్నాను. నువ్వు రాయకపోయినా పన్నెండు గంటలకు పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడుతున్నాను. "లేదు తల్లీ" అని దూరం నుంచే చెయ్యి ఊపుతున్నాడు.

తిట్టడానికైనా రాయి.

వసుంధర


మార్కాపురం,
26-6-2007

వసూకు అమ్మ రాసేది.

రాయనని రాసి మళ్లీ రాస్తున్నాను. సిగ్గులేనిదాన్ని అనుకో.

నువ్వు పోయినప్పటి నుంచీ మీ మామ మా ఇంట్లోనే తింటున్నాడు. మొన్న ఆదివారం పప్పులో ఉప్పు ఎక్కువైంది. కంచం తోసేశాడు. నేను ఊరుకోలేక, "ఉమా, ఆ పిల్ల వచ్చినాక కూడా ఇట్లనే చేస్తావేందిరా?" అన్నాను. వాడు నవ్వాడు. "నేనేం చేసినాను అక్కా? ఆ పొద్దు నువ్వు గోడకు ఇవతలే ఉంటివి గదా. అది తప్పయితే నువ్వే వచ్చి ఆపేదానివి. నువ్వే రాలేదంటే ఇంక తప్పేముంది?" అని చెయ్యి కడుక్కుని దుకాణానికి పోయాడు. మీ నాయన పక్కనే తింటున్నారు. తల ఎత్తలేదు.

రెండు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. వాడన్నది నిజం వసూ.

నీ చెయ్యి విరిగిన ఆ సోమవారం నేను గుడికి పోలేదు. నీకు నిజంగానే తెలియక పోలీసులకు అలా చెప్పావనుకుని ఇన్నాళ్లూ దాని వెనక దాక్కున్నాను. పొద్దున పదకొండు గంటలప్పుడు వంటింట్లో కందిపప్పు ఏరుతున్నాను. ముందు వాడి గొంతు, తర్వాత గిన్నెలు పడిన చప్పుడు. తర్వాత "అమ్మా, తొందరగా రా" అని పిలిచావు. రెండుసార్లు పిలిచావు. లేచాను. పెరటి తలుపు దాకా వచ్చాను కూడా. అక్కడి నుంచి మీ గుమ్మానికి పది అడుగులు కూడా లేవు. వస్తే ఇద్దరిలో ఒకరి పక్క నిలబడాలి. వాడు నేను ఎత్తుకు పెంచినవాడు, నువ్వు నేను కన్నదానివి. ఎవరి పక్కా నిలబడలేక తలుపు మూసి గడియ పెట్టాను. మళ్లీ పోయి పప్పు ముందు కూర్చున్నాను. ఏరలేదు, ఊరికే కూర్చున్నాను.

అది మొదటిసారి కూడా కాదు. ఆరేళ్లలో ఎన్నిసార్లు అవసరం లేకపోయినా మిక్సీ వేశానో నాకే లెక్క తెలియదు. కళ్లెదుట ఉంటావని నిన్ను వాడికిచ్చాను. చెవికి వినపడుతుంటే లేచి రాలేకపోయాను.

నీకు తెలియాలని రాశాను. క్షమించమని రాయడానికి నాకు మొహం లేదు.

రామతులసమ్మ


గిద్దలూరు,
1-7-2007

అమ్మకు,

నాకు తెలుసమ్మా. గడియ చప్పుడు విన్నాను. చెయ్యి విరిగినప్పటి నొప్పి ఇప్పుడు సరిగా గుర్తు లేదు గానీ ఆ చప్పుడు గుర్తుంది.

ఆస్పత్రిలో కానిస్టేబుల్ అడిగాడు. "మీయమ్మ పక్కనే ఉంటాది గదా, ఏమీ వినపడలేదంటనా?" అని. గుడికి పోయింది, ఇంట్లో లేదు అన్నాను. ఆలోచించి చెప్పలేదు, నోటికి వచ్చేసింది. తర్వాత ఇక్కడికి వచ్చి పడుకున్నప్పుడు ఆలోచించాను. కేసు నడిస్తే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు నిన్ను బోనెక్కిస్తారు. పిల్ల అరుస్తుంటే నువ్వెక్కడున్నావమ్మా అని అడుగుతారు. నువ్వు అబద్ధం చెప్తే అది నేను విని తట్టుకోవాలి. నిజం చెప్తే ఆ తర్వాత మార్కాపురంలో నువ్వెలా తిరుగుతావు? అందుకే సంతకం పెట్టాను. ఎవరి కోసమని అడిగావు గదా. మామ కోసం కాదు, వేరే పెళ్లి కోసమూ కాదు. నీ కోసం.

కోపం లేదనుకోకు. ఉంది. మామ మీద కంటే నీ మీదే ఎక్కువ. వాడు కొడతాడని నాకు తెలుసు, నువ్వు రావని తెలియదు. ఒక్కోరోజు అన్నం వండుకుంటూ నిన్ను పైకే తిట్టుకుంటాను. మళ్లీ నువ్వు నలుగురి ముందు తల వంచుకుని నిలబడడం తలుచుకుంటే పొయ్యి ఆపేసి కూర్చుంటాను. ఈ రెండూ ఒక మనిషి మీదే ఉండగలవని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

పదహారున పోయి రాజీకి సరేనంటాను. నీ పేరు ఎక్కడా రాదు. అన్నం తిను.

వసుంధర


మార్కాపురం,
6-7-2007

వసూ,

సరేననొద్దు.

నన్ను దాచడానికి నువ్వు రాజీ పడుతున్నావని తెలిసి నేనెలా తింటాను? సర్కారు వకీలుతో చెప్పు, మా అమ్మ ఇంట్లోనే ఉంది, అన్నీ విన్నది అని. నీ మాట అబద్ధమని తేలుతుందంటావేమో. అది నా కోసం ఆడిన అబద్ధం, నేనే వచ్చి సరిచేస్తాను.

అయితే ఇంకొక మాట. ఫిబ్రవరిలో తీసెయ్యమన్నదీ నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. అప్పుడూ ఇప్పుడూ నా మాట మీద నడవకు. ఆ మనిషితో నీకు తెగిపోతే చాలు, కోర్టుల చుట్టూ తిరగలేనంటావా, సరే, రాజీ పడు. నీ కోసం పడు. నా కోసం మాత్రం పడొద్దు. నువ్వు ఏది చేసినా మీ నాయనకు నేను ఉన్నది చెప్పేశాను.

మీ అమ్మ


గిద్దలూరు,
17-7-2007

అమ్మకు,

నిన్న పని అయిపోయింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఏప్రిల్‌లో పెట్టిన అర్జీ మీద ఇంకా నిలబడి ఉన్నారా అని జడ్జి గారు అడిగారు. లేదండీ, వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. ఎవరైనా ఒత్తిడి చేశారా అన్నారు. పెట్టడానికా, తీసుకోవడానికా అండీ అన్నాను. ఆయన కాగితాల మీది నుంచి తలెత్తి చూసి, రెండింటికీ చెప్పమ్మా అన్నారు. పెట్టింది ఒకరి కోసం, తీసుకుంటున్నది నా కోసం అని చెప్పాను. ఏదో రాసుకున్నారు. కేసు నడుస్తుంది.

వరండాలో మామ ఎదురొచ్చి, "మా అక్కకు తెలిస్తే గుండె పగిలి సస్తాది" అన్నాడు. సరేననొద్దని నువ్వే రాశావని అతనికి తెలియదు. చాలా రోజుల తర్వాత అతని ముందు భయం లేకుండా నిలబడ్డాను.

ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావని చెప్తే సర్కారు వకీలు బాగా కేకలేశాడు. "ఈ ముక్క మొదట్లోనే చెప్పొద్దా? ఇప్పుడు వాళ్ల వకీలు ముందు నిన్నే అబద్ధాలకోరువంటాడు. తట్టుకుంటావా?" అన్నాడు. తట్టుకుంటానన్నాను. నిన్ను సాక్షిగా పిలిపించమని అర్జీ వేస్తాడట. గెలుస్తామో లేదో చెప్పలేనన్నాడు.

తర్వాత బస్టాండులో గంటసేపు కూర్చున్నాను. మన వీధి పది నిమిషాల నడక. రాలేదు. వస్తే అన్నం పెడతావు, తింటే మళ్లీ బస్సెక్కబుద్ధి కాదు. ఒక బన్ను తిని వచ్చేశాను.

వసుంధర


మార్కాపురం,
20-9-2007

నా కూతురు వసుంధరకు,

కోర్టు కాగితం వచ్చింది. అక్టోబరు ఎనిమిది, సోమవారం.

ఇక్కడి సంగతులు పెద్దగా లేవు. మీ నాయన నాతో మాట్లాడడం మానేశారు. మంచినీళ్లు కావాలన్నా గోడను అడుగుతారు, నేను తెచ్చిస్తాను. తమ్ముడు మెస్సులో తింటున్నాడు. రెండు పెరళ్ల మధ్యా తడిక కట్టించాడు. విశాలాక్షి రావడం తగ్గించింది. పొద్దున వండి ఒక్కదాన్నే కూర్చుని తింటుంటే, నీ గిద్దలూరు గది ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుస్తోంది.

కాగితం తెచ్చిన కానిస్టేబుల్ అరుగు మీద కూర్చుని రాసుకుంటూ, "నిందితునికి ఏమవుతావమ్మా?" అని అడిగాడు. మీ నాయన గుమ్మంలోనే ఉన్నారు. దెబ్బలు తిన్న పిల్లకు తల్లిని అన్నాను. "అది కాదమ్మా, నిందితునికి ఏమవుతావు?" అన్నాడు మళ్లీ. "అది తర్వాత రాసుకో నాయనా. ముందు పిల్లకు తల్లినని రాయి" అన్నాను. రాశాడు. మీ నాయన లోపలికి పోయారు.

నాకు భయంగానే ఉంది. ఆ వకీలు నన్ను ఏమేమి అడుగుతాడో, మీ మామ మొహం చూసి నోరు పెగులుతుందో లేదో. వాణ్ణి చూడకుండా చెప్పమంది మనసు. కాదు, చూసే చెప్తాను.

సాక్షులను ముందుగా లోపలికి రానివ్వరటగా. వరండాలో కూర్చోవాలట, జవాను పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడట. ఆ రోజు నువ్వు రెండుసార్లు పిలిచినా నేను రాలేదు. ఈసారి మొదటి పిలుపుకే లేచి వస్తాను.

మీ అమ్మ,
రామతులసమ్మ